అలుగుకు ఒక తట్ట

గుగ్గిలకోన అడవిలో జింకలున్నాయి, అడవిపందులున్నాయి, కుందేళ్లున్నాయి, ముళ్లపందులున్నాయి. పులి లేదు. పులి ఉన్నచోట సభలు జరగవు. గుగ్గిలకోనలో నెలనెలా సభ జరిగేది. పులి ఎందుకు లేదో, సభ ఎలా జరిగేదో మీరే అర్థం చేసుకోండి.

ఆ అడవికి ఒక పక్క గుట్ట, ఇంకో పక్క పల్లం. పల్లాన్ని ఒరుసుకుంటూ ఒక వాగు. పల్లంలో పచ్చిక మెత్తగా, తియ్యగా ఉంటుంది. అందుకని చిన్న ప్రాణులన్నీ అక్కడే కాపురం పెట్టాయి. అయితే వానాకాలంలో వాగు పొంగుతుంది. పొంగిందంటే పిల్లల్ని తీసుకుని గుట్ట ఎక్కాల్సిందే.

గుట్టకు పోవడానికి ఒకటే బాట. అది తుంగకుంట కట్ట మీదుగా పోతుంది. కట్టకు కుడివైపు కుంట నీళ్లు. ఎడమవైపు దిగితే పైకి రానివ్వని ఊబి. ఆ బాట ఉంటే పల్లం బతుకుతుంది. అది తెగితే పల్లంలో ఎవరూ మిగలరు.

ఇంత అవసరమైన బాట గురించి ఎవరూ ఆలోచించేవారు కాదు. గుంత పడితే తిట్టేవారు, పూడిస్తే మరిచిపోయేవారు.

ఆలోచించింది ఒక్క ఏనుగవ్వే. ఆవిడ చాలా ఏళ్లు సభకు పెద్దగా ఉంది. ఏటా ఎండలు తగ్గే ముందు ఇంటికి నాలుగు తట్టల గరుసు తెమ్మనేది. గరుసంటే చిన్న రాళ్లు కలిసిన గట్టి ఎర్రమట్టి. దాంతో బాట గుంతలు పూడ్చేవారు. ఆవిడ పెట్టిన ఈ కట్టుబాటును గుమస్తా తొండయ్య సభ రాయి మీద తన గోటితో గీశాడు.

"ఇంటికి నాలుగు తట్టలు. మూడు బాటకు, ఒకటి అలుగుకు."

అంతే రాయించింది ఏనుగవ్వ. ఒక్క ముక్క కూడా ఎక్కువ లేదు. ఆవిడకు పని చేయడం వచ్చుగానీ చేసిన పని చెప్పుకోవడం రాదు. ఆవిడ చేసిన తప్పేదైనా ఉంటే అదొక్కటే.

ఒక చలికాలంలో ఏనుగవ్వ కన్నుమూసింది. అడవంతా మూడు రోజులు మేత ముట్టలేదు. నాలుగో రోజు ఆకలేసి, సభ పెట్టి, నెమలి నీలాంబరాన్ని పెద్దగా ఎన్నుకున్నారు.

నీలాంబరం చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. పొద్దున్నే అందరినీ పేరుపేరునా పలకరిస్తాడు. ఎవరి పిల్లలకు జ్వరమొచ్చినా పక్కన కూర్చుని పింఛంతో విసురుతాడు. ఆయనకున్న లోపం ఒకటే. ఎవరైనా చూస్తుంటే తప్ప ఏ పనీ చేయలేడు. ఎవరూ చూడని పని కూడా పనేనని ఆయనకు తట్టలేదు.

ఎండాకాలం చివరికొచ్చింది. బాట పని మొదలుపెట్టాలి. నీలాంబరం సభ రాయి దగ్గరికి వెళ్లి మెడ వంచి చదివాడు.

మూడు తట్టలు బాటకు. బాగుంది. ఒకటి అలుగుకు. అలుగుకా?

గుగ్గిలకోనలో ఒక అలుగు ఉంది. పేరు పొలుసమ్మ. వయసు మీద పడిన జంతువు. ఒళ్లంతా పొలుసులు. నోట్లో ఒక్క పన్ను లేదు. నాలుక మాత్రం మూరెడు. ఆ నాలుక చీమల్ని నాకడానికే కాదు, ఎదుటివాళ్లను కడిగెయ్యడానికీ పనికొచ్చేది. భయమేసినా, బాధ కలిగినా తల పొట్టలోకి దోపుకుని బంతిలా చుట్టుకుపోయేది. ఇక ఎవరు పిలిచినా పలికేది కాదు.

కానీ పిల్లలూ, అలుగంటే ఆ జంతువొక్కటే కాదు. కుంట నిండినప్పుడు నీళ్లు కట్ట మీదికి ఎక్కకుండా, మిగులు నీరు పక్క నుంచి పోవడానికి రాళ్లు పరిచి ఒక దారి వదులుతారు. ఆ దారినీ అలుగు అనే అంటారు. తుంగకుంటకూ అలాంటి అలుగు ఉంది. కట్టకు పల్లం వైపు చివర, రేగుపొదల వెనకాల ఉంది. ఏనుగవ్వ ఏటా అక్కడికి ఒక్కతే వెళ్లి తొండంతో పూడిక తీసేది. నాలుగో తట్టల్లో వచ్చిన గరుసంతా అడుగున పోసి కాలితో దట్టించేది. ముళ్లలోకి ఎవరొస్తారులే అని ఎవరినీ పిలిచేది కాదు.

నీలాంబరం ఆ పొదల్లోకి ఎన్నడూ వెళ్లలేదు. పింఛం పాడవుతుందని.

తొండయ్యకు మాత్రం అంతా తెలుసు. రాసింది తనే కదా. అయితే తొండయ్యకు చిన్నప్పటినుంచీ ఒకటే విద్య వచ్చు. తల ఆడించడం.

మర్నాడు సభ పెట్టారు. నీలాంబరం గట్టు మీద నిలబడి, ఊరందరి కష్టంలో నాలుగో వంతు ఒక్క పొలుసమ్మకే పోతోందని చెప్పాడు. అందరూ అవాక్కయ్యారు. అలుగులు రాళ్లు మింగుతాయని తన తాత అనేవాడని ఒక అడవిపంది గుర్తు చేసింది. అది అబద్ధం కాదు. పళ్లు లేవు కాబట్టి చీమలు కడుపులో నలగడానికి అలుగు నాలుగు రాతి పలుకులు మింగుతుంది. నెమలి కూడా మింగుతుంది. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

వెనక వరసలో కునుకు తీస్తున్న పొలుసమ్మ తన పేరు విని లేచింది.

"ఒరే నీలాంబరం, నేను మింగేది రోజుకు నాలుగు పలుకులు. నీ కడుపు దులిపితే దోసెడు రాలతాయి. ముందు నీ లెక్క చెప్పు" అంది.

సభ గొల్లున నవ్వింది. నీలాంబరం మెడ ముడుచుకుపోయింది. నలుగురిలో చిన్నబోవడం కన్నా పెద్ద కష్టం ఆయనకు లేదు. అందుకే నోటికొచ్చిన మాట అనేశాడు.

"రాయి మీద ఉన్నది నీ పేరే కదమ్మా. ఏనుగవ్వను మంచి చేసుకుని ఇన్నేళ్లూ తిన్నావు."

ఏనుగవ్వ పొలుసమ్మకు ప్రాణ స్నేహితురాలు. ఇద్దరూ ఎన్ని సాయంత్రాలు ఆ కట్ట మీద కూర్చున్నారో అందరికీ తెలుసు. ఒక్కరైనా తన తరపున మాట్లాడతారేమోనని ఆమె చుట్టూ చూసింది. పక్కనే కుందేలు రెల్లమ్మ ఉంది. రోజూ అత్తా అత్తా అని వెనకాల తిరిగే పిల్ల. రెల్లమ్మ తల వంచుకుని గడ్డి కొరుకుతూ ఉండిపోయింది.

"ఏం గుమస్తా, రాయి మీద ఉన్నది అలుగు పేరే కదా?" అని నీలాంబరం అడిగాడు.

తొండయ్య తలాడించాడు.

"ఆ రాయి మీదున్న అలుగు ఏదో వెళ్లి చూసొచ్చి మాట్లాడండి" అంది పొలుసమ్మ. అని, సభ మధ్యలోనే బంతిలా చుట్టుకుపోయింది. ఇంకో రెండు మాటలు చెబితే సరిపోయేది. కానీ దొంగ అన్నాక ఇక వివరం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"అలుగు అలిగిందర్రా" అని ఎవరో అన్నారు. అందరూ కడుపుబ్బా నవ్వారు. చూసి రావడానికి ఒక్కరూ వెళ్లలేదు.

నాలుగో తట్ట మిగిలింది కదా, దాన్ని ఏం చేయాలి? నీలాంబరం దగ్గర ఉపాయం సిద్ధంగా ఉంది. బాట మొదట్లో ఒక స్వాగత ద్వారం కట్టాలన్నాడు. ఈసారి నాలుగో తట్టలో ఎర్ర గరుసు వద్దు, తెల్లని పలుగురాళ్లు ఏరి తెమ్మన్నాడు. పూడ్చిన గుంత కనిపించదు, ద్వారం అయితే గుట్ట మీద నుంచి కూడా కనిపిస్తుందన్నాడు. ఆ మాటలో తప్పేముంది? నిజంగానే కనిపిస్తుంది. చప్పట్లు మోగాయి.

రెల్లమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. అయినా ఆయాసపడుతూ తన తట్టా మోసుకొచ్చింది. అందరి రాళ్లూ కలిసి ద్వారం ఏనుగంత ఎత్తు లేచింది. దాని నిండా మోదుగుపూలు గుచ్చారు. అడుగున ఒక పలక మీద నీలాంబరం పేరు చెక్కారు. ప్రారంభోత్సవం రోజు బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. దిష్టి పోయిందో లేదో గానీ ముక్కలన్నీ అడవిపందులు తినేశాయి. నీలాంబరం పింఛం విప్పి పొద్దుగూకేదాకా ఆడాడు. నిజం చెప్పాలంటే, అంత అందమైన ఆట గుగ్గిలకోన అంతకుముందు చూడలేదు.

మూడు తట్టలతో బాట గుంతలూ పూడ్చారు. ఆ పనిలో ఏ లోటూ చేయలేదు. బాట అద్దంలా ఉంది. రేగుపొదల వెనక అలుగు మాత్రం అలాగే ఉండిపోయింది. దాని నోట్లో తుంగ మొలిచింది. తుంగ మీద ఒండ్రుమట్టి పేరింది. దాని మీద ఇంకా తుంగ మొలిచింది.

తొలకరి పడింది. రెల్లమ్మకు నలుగురు పిల్లలు పుట్టారు. ఒక్కొక్కటి గుప్పెడంత ఉంది.

తర్వాత ముసురు పట్టింది. మూడు రోజులు వదలకుండా కురిసింది. నాలుగో రోజు మధ్యాహ్నానికి వాగు పల్లంలోకి వచ్చేసింది. పల్లం వాళ్లందరూ పిల్లల్ని తీసుకుని బాట మీదికి పరుగెత్తారు. రెల్లమ్మ ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని నాలుగుసార్లు తిరిగింది. నలుగురినీ స్వాగత ద్వారం కింద పడుకోబెట్టింది.

అప్పటికే అందరూ అక్కడ ఆగిపోయి ఉన్నారు. ఎవరూ ముందుకు కదలడం లేదు. కుంట నీళ్లు కట్టతో సమానంగా ఉన్నాయి. కట్ట మధ్యలో జానెడు వెడల్పున నీళ్లు బాట దాటి అవతలి ఊబిలోకి దూకుతున్నాయి. చూస్తుండగానే ఆ జానెడు మూరెడైంది. వేసిన గరుసంతా ఎర్రగా కరిగి కొట్టుకుపోతోంది. ఒక జింకపిల్ల కాలు పెట్టి చూసింది. కాలు కింద మట్టి జారిపోయింది. తల్లి దాన్ని వెనక్కి లాగింది.

వెనక వాగు. ముందు తెగుతున్న కట్ట. కట్ట పూర్తిగా తెగిందంటే కుంటలో ఉన్న నీళ్లన్నీ వచ్చి పల్లం మీదే పడతాయి.

నీలాంబరం ద్వారం మీద నిలబడి భయపడొద్దంటున్నాడు. బాట కొత్తగా వేసిందే, తన ఎదురుగానే వేశారు అంటున్నాడు.

రెల్లమ్మకు ఒక్కటే అర్థం కాలేదు. కిందటేడు వాన ఇంతకన్నా ఎక్కువ. అప్పుడు నీళ్లు కట్ట ఎక్కలేదు. మరి ఆ మిగులు నీరంతా ఎటు పోయింది? పక్కనే రాయి మీద తొండయ్య తడిసి ముద్దై కూర్చున్నాడు. రెల్లమ్మ అతని ముందు నిలబడింది.

"కుంటకు వేరే దారేమైనా ఉందా?"

తొండయ్య తలాడించాడు.

"నీకు ముందే తెలుసా?"

తొండయ్య మళ్లీ తలాడించాడు.

"మరి చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదమ్మా. అడిగితే తలాడించేవాణ్ని కదా" అన్నాడు తొండయ్య. తర్వాత తల ఆడించకుండా, జీవితంలో మొదటిసారి, అలుగంటే ఏమిటో నోరు విప్పి చెప్పాడు. అది రేగుపొదల వెనకాల ఉందని వేలు పెట్టి చూపించాడు.

రెల్లమ్మ పిల్లల్ని జింకకు అప్పగించింది. రేగుపొదల పక్కనున్న పొలుసమ్మ బొరియ దగ్గరికి పరుగెత్తింది. లోపల పొలుసమ్మ బంతిలా చుట్టుకుని ఉంది. వేసవి నుంచీ అదే అలక.

"అత్తా, ఆ రోజు నేను గడ్డి కొరుకుతూ కూర్చున్నాను. నన్ను నువ్వు ఏమన్నా పడతాను. కానీ కట్ట తెగుతోంది. తవ్వే గోళ్లు ఈ అడవిలో నీకే ఉన్నాయి."

బంతి కదలలేదు.

"అలగడానికి నీకు హక్కుంది. నీ అలక తీరేదాకా నేను గుమ్మంలో కూర్చుంటాను. నా నలుగురు పిల్లలు కూర్చోలేరు కదత్తా."

కాసేపటికి పొలుసుల మధ్య నుంచి ఒక కన్ను కనిపించింది.

"నలుగురా? కబురు కూడా పెట్టలేదు నాకు" అంది పొలుసమ్మ. అంటూనే లేచింది.

రేగుపొదల్లోకి పొలుసమ్మే ముందు దూరింది. ముళ్లు ఆమె పొలుసుల్ని ఏమీ చేయలేకపోయాయి. పూడికను గోళ్లతో చీల్చడం మొదలుపెట్టింది. వెనకాల వచ్చిన అడవిపందులు తుంగ వేళ్లను మూతులతో పెకలించి అవతల పడేశాయి. కొద్దిసేపటికే సన్నగా నీటిధార కదిలింది. తర్వాత లావైంది. అందరూ కేక పెట్టబోయారు.

"నోళ్లు మూయండి. పాత రాళ్లు లేచిపోయాయి. అడుగున రాయి పడకపోతే ఈ నీళ్లు ఇక్కడే కట్టను కోసేస్తాయి" అంది పొలుసమ్మ. తల పైకెత్తి ద్వారం వైపు చూసింది.

"అలుగు ఏటా తట్టలు తింటోందన్నారుగా. ఇప్పుడు తినిపించండి. ఈ ఏడు నా వాటా అక్కడే ఉంది."

అందరూ నీలాంబరం వైపు చూశారు. ఆయన ఇంకా ద్వారం మీదే ఉన్నాడు. కాళ్ల కింద తెల్లరాళ్లు, మోదుగుపూలు, అడుగున తన పేరు. ఆయన ఒకసారి ద్వారాన్ని చూసుకున్నాడు. తర్వాత దాని కింద వణుకుతున్న నలుగురు కుందేలు పిల్లల్ని చూశాడు. కిందికి దిగాడు. జింక ఆ కుందేలు పిల్లల్ని పక్కకు జరిపింది. మొదటి రాయి తన ముక్కుతో తనే లాగాడు.

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. ద్వారం నిమిషాల్లో కూలింది. తట్టలు చేతులు మారాయి. పలుగురాళ్లన్నీ అలుగు అడుగున పడ్డాయి. తన పేరున్న పలకను నీలాంబరమే ఈడ్చుకొచ్చాడు. అందరికన్నా పెద్ద రాయి అదే. నీళ్లు పడేచోట దాన్నే పరిచారు. తడిసిన పింఛం ఆయన వెనకాల బురదలో ఈడ్చుకుంటూ వచ్చింది. రేగుముళ్లకు చిక్కి ఈకలన్నీ ఒక్కొక్కటిగా ఊడిపోయాయి. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. చూసేవాళ్లు కూడా ఎవరూ లేరు. అందరూ పనిలో ఉన్నారు.

కుంట దిగింది. కట్ట మీద నీళ్లు ముందు మూరెడుకు, తర్వాత జానెడుకు, చివరికి చెమ్మకు తగ్గాయి. బాట సగం వెడల్పు పోయింది. మిగతా సగం నిలబడింది. ఆ సగం మీదుగా ఒకరి వెనక ఒకరు గుట్ట ఎక్కారు. రెల్లమ్మ పిల్లల్లో ఇద్దరిని తనే మోసింది. మిగతా ఇద్దరూ పొలుసమ్మ తోక మీద ఎక్కారు. అలుగులు తమ పిల్లల్ని మోసేది అలాగే.

వాన తగ్గాక గుట్ట మీదే సభ జరిగింది. నీలాంబరం వచ్చాడు. పింఛం లేని నెమలిని చూడటం అందరికీ అదే మొదలు. పెద్ద కోడిలా ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"పొలుసమ్మ ఒక్క తట్ట కూడా తినలేదు. ఆ మాట అన్నది నేను. చూడకుండా అన్నాను. పెద్దరికం వదిలేస్తున్నాను" అన్నాడు.

"వదిలేసి ఏం చేస్తావు? చెట్టెక్కి అలుగుతావా? అలగడం నా పని. నీకు రాదు" అంది పొలుసమ్మ. తర్వాత కాస్త మెత్తబడింది. "నువ్వు ఆ మాట అన్నావు, నిజమే. నేనూ ఇంకో రెండు మాటలు చెప్పకుండా ముడుచుకున్నాను. ఈ పిల్లలకేమైనా అయ్యుంటే నా అలక ఎవరికి పనికొచ్చేది?"

పెద్దరికం నీలాంబరం దగ్గరే ఉంచారు. ఆయనకో పని అదనంగా ఇచ్చారు. అడవిలో అందరికన్నా పెద్ద గొంతు ఆయనది. ఏటా తొలి మబ్బు కనిపించగానే అలుగు గుర్తుచేస్తూ అరవాలి. పూడిక తీసే పనికి ఇంటికొకరు రావాలి. చేసే పని అందరూ చూడాలి. అప్పుడే, ఒకరు పోయినా పని మిగిలినవాళ్లకు తెలుస్తుంది.

తొండయ్య పాత మాటల కింద కొత్త గీతలు గీశాడు. "అలుగు అంటే రేగుపొదల వెనక నీళ్లు పోయే దారి. పొలుసమ్మ కాదు." రాసి తలాడించబోయాడు. రెల్లమ్మ ఒక చూపు చూసింది. ఆగిపోయి, పైకి చదివి వినిపించాడు.

ఇప్పటికీ మబ్బు పడితే నెమలి అరుస్తుంది. వాన వస్తోందన్న సంతోషమని మనం అనుకుంటాం. గుగ్గిలకోనలో మాత్రం ఆ అరుపు వినగానే ఇంటికొకరు తట్ట పట్టుకుని బయల్దేరతారు. పింఛం మళ్లీ మొలిచింది, మునుపటికన్నా ఒత్తుగానే మొలిచింది. అయినా రేగుపొదల్లోకి అందరికన్నా ముందు దూరేది నీలాంబరమే.

నీతి: పాత కట్టుబాటు ఎందుకు పెట్టారో తెలియకపోతే, దాన్ని కొట్టేసే ముందు వెళ్లి చూసి రావాలి, బాటను నిలబెట్టే పని చాలాసార్లు బాట మీద కనిపించదు.